పాతర వేసిన పటం

ఆంగ్లంలో 'కాష్' అని ఒక చిన్న మాట ఉన్నది. ఫ్రెంచి భాషలో 'దాచు' అనే అర్థం గల క్రియ నుండి అది పుట్టినది. ఉత్తర అమెరికా అడవులలో జంతుచర్మాల కోసం సంచరించిన ఫ్రెంచి వేటగాండ్రు తిండిని, సామగ్రిని దారిలో గోతులలో దాచి, తిరుగు ప్రయాణంలో తీసుకొనేవారు. ఆ దాపునకే కాష్ అని పేరు. ఈ మాటకు తెలుగు కోసం నిఘంటువులు తిరగవేయవలసిన పని లేదు. మన మెట్టసీమల రైతులు తరతరాలుగా వాడిన మాటే ఉన్నది. అది పాతర.

నేలలో గుండ్రంగా లోతుగా గొయ్యి త్రవ్వి, చుట్టూ గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి మెత్తేవారు. కరవు వచ్చినా, ధర లేకపోయినా ఆ ధాన్యం ఇంటిని కాచేది. పాతర తీసిన వెంటనే అందులోకి దిగకూడదని పెద్దలు పిల్లలను హెచ్చరించేవారు. లోపల చెడుగాలి నిండి ఉంటుంది. కాసేపు మూత తీసి ఉంచి, గాలి ఆడిన పిమ్మటనే దిగాలి. పాతర మంచిదే కాని, అందులోకి దిగడానికి ఒక పద్ధతి ఉన్నదని దీని తాత్పర్యం.

గణకయంత్రాలలోని పాతరకూడా ఇటువంటిదే. దూరాన ఉన్న వస్తువును మాటిమాటికి తెచ్చుకోవడం ఆలస్యం కనుక, ఒకసారి తెచ్చిన దాని నకలును దగ్గరలో దాచుకొని, మళ్ళీ అడిగినప్పుడు ఆ నకలునే అందించడం. మారిస్ విల్క్స్ 1965లో ఈ ఊహను ఒక వ్యాసంలో వివరించినప్పుడు దానిని 'దాస స్మృతి' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచాడు. 1968లో ఐబీఎం వారి సిస్టమ్ 360 శ్రేణిలోని 85వ నమూనా యంత్రంతో కాష్ అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది. నేడు మన చేతి ఫోను మొదలు సముద్రాల అవతలి సర్వర్ల వరకు పాతర లేని చోటు లేదు. అది లేకపోతే మనము ఒక్కొక్క పుట కోసం ఎంతసేపు ఎదురుచూడవలసి వచ్చేదో!

పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఈ పాతరతో ఏమి పని అని చదువరులు అడుగవచ్చు. పని పడింది. అది మా గురువుగారి పద్యాల మంచిచెడ్డలకు సంబంధించిన పని గనుక దానిని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

మా గురువుగారు వ్రాసిన ఖండకావ్యం ఒకటి ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు. 216 పద్యాలు. అన్నీ వృత్తాలే. ఉత్పలమాల, చంపకమాల, మత్తేభం, శార్దూలం తప్ప మరొకటి లేదు. ఆయన శతజయంతి సంచికలో ఆ కావ్యాన్ని వెలువరించాలని శిష్యులందరం తలపెట్టాము. సంపాదకత్వం నా దగ్గర చదువుకొని, ఇప్పుడు కళాశాలలో తెలుగు చెబుతున్న ఒక అమ్మాయి స్వీకరించింది. ఏ వృత్తంలో ఎన్ని పద్యాలున్నవో లెక్కించి, ఒక దిమ్మెల పటం గీసి ఇచ్చే భారం నాది.

వ్రేళ్ళు మడచి లెక్కించగలిగిన పనియే. అయితే మా తమ్ముని కుమారుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "పెదనాన్నా, లఘువు గురువు అంటే ఒకటి రెండే కదా, దీనికి కంప్యూటర్‌ను మించినది లేదు" అని పట్టుబట్టి, పైథాన్ భాషలో గణవిభజన చేసే చిన్న ప్రోగ్రామును నా చేతనే వ్రాయించాడు. దానిని నడపడానికి 'జూపిటర్ నోట్‌బుక్' అనే సాధనాన్ని ఒక సర్వర్‌పై అమర్చి, చిరునామా నాకూ మా సంపాదకురాలికీ ఇచ్చాడు. ఎవరి ఇంటి నుండి వారు బ్రౌజర్‌లో తెరచి చూడవచ్చు.

ఈ నోట్‌బుక్ గురించి రెండు మాటలు. 2001లో ఫెర్నాండో పెరెజ్ ప్రారంభించిన ఐపైథాన్ నుండి 2014లో జూపిటర్ అనే పేరుతో ఇది వేరుపడింది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు ప్రోగ్రామింగ్ భాషల పేర్లను కలిపి చేసిన పేరు. పుట అంతా గదులు గదులుగా ఉంటుంది. కొన్ని గదులలో ప్రోగ్రాము, కొన్నిటిలో మన వ్యాఖ్యానం. ప్రోగ్రాము గదిని నడిపితే దాని ఫలితం ఆ గది క్రిందనే వెలుస్తుంది. మూలం, ప్రతిపదార్థం, తాత్పర్యం ఒకే పుటలో చూచుకొనే అలవాటు గల మాబోటి వారికి ఇది మొదటి చూపులోనే నచ్చే ఏర్పాటు. మనకు కనబడే పుట వెనుక 'కెర్నెల్' అనే అదృశ్య లేఖకుడు ఒకడు ఉంటాడు. లెక్కలన్నీ అతడివి. పుట అతడు చెప్పినది వ్రాసి చూపే పలక మాత్రమే.

నా నోట్‌బుక్‌లో నాలుగు గదులు. మొదటిది పద్యాల ఫైల్‌ను చదువుతుంది. రెండవది గణాలు కట్టి లెక్కించి, సంఖ్యలను చూపుతుంది. మూడవది దిమ్మెలు గీసి, ఆ బొమ్మను 'పటం' అనే పేరుతో సర్వర్‌పై ఫైల్‌గా దాచి ఊరకుంటుంది. నాలుగవది వ్యాఖ్యానపు గది. అందులో 'పటం' అనే పేరు గల బొమ్మను ఇక్కడ చూపుము అని ఒక పంక్తి, దాని క్రింద నా వివరణ. మూడవ గదిని నడిపిన ప్రతిసారీ పాత ఫైల్ పోయి అదే పేరుతో కొత్తది వస్తుంది. ఈ విషయం చదువరులు గుర్తుంచుకోవాలి.

మొదటిసారి నడిపినప్పుడు వచ్చిన లెక్క ఇది. ఉత్పలమాలలు 58, చంపకమాలలు 61, మత్తేభాలు 39, శార్దూలాలు 35. ఏ వృత్తానికీ గణాలు కుదరనివి 23.

ఛందస్సును ప్రాణంగా చూచుకొన్న మనిషి పద్యాలలో 23 గణభంగాలా? వ్రాతప్రతిని ముందు పెట్టుకొని ఆ 23 పద్యాలనూ పోల్చి చూడగా కారణం మొదటి పద్యంలోనే దొరికింది. గురువుగారు అరసున్నలు విడువక వ్రాసేవారు. పద్యాలను టైపు చేసిన డీటీపీ కేంద్రం వారు అరసున్న కనబడిన చోట్లలో కొన్నింట నిండు సున్న పెట్టారు. చదువుకొనేవానికి అది చిన్న భేదం. ఛందస్సుకు అది ప్రాణాపాయం. అరసున్న తన ముందున్న అక్షరాన్ని గురువు చేయదు. నిండు సున్న చేస్తుంది. 'కలఁడు' అన్నప్పుడు మూడూ లఘువులు, నగణం. 'కలండు' అని టైపు చేస్తే నడుమ గురువు వచ్చి జగణం అవుతుంది. పాదం కూలిపోతుంది. యూనికోడ్‌లో ఈ రెండు సున్నలకు వేర్వేరు సంకేతాలు ఉన్నవి గనుక యంత్రం వాటిని వేరుగానే చూచింది. దాని తీర్పు దానికి ఇచ్చిన పాఠానికి సరియైనదే. పాఠమే సరియైనది కాదు.

వ్రాతప్రతితో అక్షరమక్షరం పోల్చి అరసున్నలను యథాస్థానాలలో నిలపడానికి మూడు వారాలు పట్టింది. సవరించిన పద్యాల ఫైల్‌ను సర్వర్‌పై పెట్టి, గదులన్నీ వరుసగా నడిపాను. రెండవ గది క్రింద కొత్త సంఖ్యలు వచ్చాయి. ఉత్పలమాలలు 64, చంపకమాలలు 68, మత్తేభాలు 43, శార్దూలాలు 39. కుదరనివి 2. ఆ రెండూ చెదపురుగు తిన్న పుటలోని పద్యాలు. అక్షరాలే లేని చోట గణాలెక్కడివి?

కాని నాలుగవ గదిలోని పటంలో చివరి దిమ్మె తగ్గలేదు. అది 23 దగ్గరనే నిలిచి ఉన్నది.

ఒకే పుటలో ఇద్దరు సాక్షులు. పై సాక్షి 2 అంటాడు. క్రింది సాక్షి 23 అంటాడు. ఇద్దరూ ఒకే కెర్నెల్ కొలువులోని వారు. సరిగా ఆ సమయానికే సంపాదకురాలి నుండి ఫోను వచ్చింది.

"మాస్టారూ, పటం చూశానండి. 23 పద్యాలకు గణాలు కుదరలేదని ఉంది. తెర మీద కనబడినదానిని ఫొటో తీసి పీఠిక వ్రాసే పెద్దాయనకు కూడా పంపాను. ఛందస్సు విషయంలో కవి స్వేచ్ఛ తీసుకొన్నారని ఒక వాక్యం చేరుస్తానంటున్నారు. సాయంత్రానికి ప్రెస్సుకు ఇచ్చేయాలండి."

"అమ్మా, ఆ వాక్యాన్ని కాసేపు ఆపమని మనవి చెయ్యి. సంఖ్యలు 2 అంటున్నవి, పటం 23 అంటున్నది. రెండింటిలో ఒకటి పాతది. ఏదో తేల్చి చెబుతాను" అన్నాను.

ఆ ఒక్క వాక్యం అచ్చయితే ఏమవుతుందో మా వృత్తిలోని వారికి చెప్పనక్కరలేదు. పీఠికలోని వాక్యాన్ని సమీక్షకుడు ఎత్తి వ్రాస్తాడు. సమీక్షను పరిశోధకుడు ఎత్తి వ్రాస్తాడు. మూలం తెరచి చూచేవాడు వందకు ఒకడు. జీవితాంతం యతిప్రాసల కోసం నిద్ర మానుకొన్న మనిషికి, సమాధానం చెప్పుకోలేని కాలంలో, ఛందస్సు తెలియనివాడనే పేరు శాశ్వతమవుతుంది. అదియును శిష్యులు వేసిన సంచికలోనే!

బెంగుళూరుకు ఫోను చేశాను. మావాడు ఏదో సమావేశంలో ఉన్నాడు. "పెదనాన్నా, ఎక్కడిదాకా కొత్తది వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో మెట్టు మెట్టుగా చూడండి. కంగారుపడి అన్నీ ఒకేసారి మార్చవద్దు" అని మాత్రం చెప్పి పెట్టేశాడు. పాతరలోకి దిగే పద్ధతియే అది.

మొదటి మెట్టు కెర్నెల్ జ్ఞాపకం. ఫైల్‌ను డిస్కులో మార్చినంత మాత్రాన కెర్నెల్‌కు తెలియదు. అది ఒకసారి చదివి జ్ఞాపకంలో పెట్టుకొన్న పాఠంతోనే లెక్కలు కడుతుంది. చదివే గదిని తిరిగి నడిపితేనే కొత్త పాఠం చేరుతుంది. ప్రతి ప్రోగ్రాము గది ప్రక్కన చదరపు కుండలీకరణాలలో ఒక అంకె ఉంటుంది. గదులను నడిపిన వరుస అది. గదులు పుటలో ఏ క్రమంలో ఉన్నవన్నది కాదు, ఏ క్రమంలో నడిచినవన్నదే ముఖ్యం. నా గదుల అంకెలు 31, 32, 33 అని వరుసగానే ఉన్నవి.

రెండవ మెట్టు ప్రోగ్రాము భాగాలు. గణవిభజన చేసే భాగం వేరే ఫైల్‌లో ఉన్నది. పైథాన్ అటువంటి భాగాన్ని ఒకసారి తెచ్చుకొన్న తరువాత, తిరిగి అడిగినా మళ్ళీ చదవదు. మొదట తెచ్చినదానినే ఇస్తుంది. దానికి మందు కెర్నెల్‌ను ఆపి, మళ్ళీ ప్రారంభించి, మొదటి గది నుండి చివరి గది వరకు నడపడం. అలాగే చేశాను. సంఖ్యలు మళ్ళీ 2 అనియే చెప్పాయి. పటం మళ్ళీ 23 అనియే చెప్పింది.

మూడవ మెట్టు డిస్కు మీది బొమ్మ. ఫైళ్ళ జాబితాలో 'పటం' మార్పు చెందిన సమయం చూస్తే నాలుగు నిమిషాల క్రిందటిది. ఆ ఫైల్‌ను నా కంప్యూటర్‌లోకి దించుకొని, బ్రౌజర్‌తో సంబంధం లేకుండా, బొమ్మలు చూచే వేరొక సాధనంతో తెరచాను. చివరి దిమ్మె నేలబారుగా ఉన్నది. 2. కనుక గీసినవాడు సరిగానే గీశాడు. దాచినవాడు సరిగానే దాచాడు. చూపుతున్నవాడు మాత్రమే పాతది చూపుతున్నాడు. ఇక మిగిలినది బ్రౌజర్ పాతర.

బ్రౌజర్ ప్రతి వస్తువును దాని చిరునామాతో గుర్తిస్తుంది. ఒక చిరునామా నుండి బొమ్మను తెచ్చినప్పుడు, సర్వర్ దానితో పాటు కొన్ని షరతులు పంపుతుంది. ఇన్ని క్షణాల వరకు నకలును వాడుకోవచ్చునని కొన్ని వస్తువులకు, వాడేముందు ప్రతిసారి నన్నడుగుమని కొన్నిటికి. అడగవలసి వచ్చినప్పుడు, తన దగ్గరున్న నకలు మీది ముద్రను బ్రౌజర్ సర్వర్‌కు చూపుతుంది. ఈటాగ్ అని ఆ ముద్రకు పేరు. వస్తువు మారకపోతే సర్వర్ 304 అనే సంఖ్యతో 'మారలేదు, నీ దగ్గరున్నదే వాడుకో' అంటుంది. మారితే 200 అనే సంఖ్యతో కొత్త వస్తువును పంపుతుంది. ఈ మర్యాదలన్నీ 2022లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 9111 అనే పత్రంలో క్రోడీకరించబడి ఉన్నవి.

అయితే ఇంకొక సూక్ష్మం. ఒక పుట తెరచి ఉన్నంతసేపు, ఆ పుటలో ఒకసారి వచ్చిన బొమ్మను అదే చిరునామాతో మళ్ళీ చూపమంటే, బ్రౌజర్ సర్వర్‌ను అడగకుండానే తన చేతిలోనిదానిని పెట్టేయవచ్చు. మామూలు పుటలను చదివి మూసేస్తాము కనుక ఇబ్బంది కలగదు. నోట్‌బుక్ అటువంటిది కాదు. గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి తెరచి ఉంచి, అందులోనే మార్పులు చేసుకొంటూ పోతాము. మా సంపాదకురాలి తెర మీద ఆ పుట ముందురోజు నుండి తెరచియే ఉన్నది. అడిగిన పేరు మారలేదు గనుక ఇచ్చిన బొమ్మ మారలేదు.

కంట్రోల్, షిఫ్ట్ మీటలను నొక్కి పట్టి ఆర్ మీటను నొక్కితే బ్రౌజర్ తన పాతరను ప్రక్కన పెట్టి అన్నిటినీ కొత్తగా తెచ్చుకొంటుంది. నేను నొక్కాను. దిమ్మె కూలింది. ఫోనులో ఆమె చేత నొక్కించాను.

"మాస్టారూ, మారిందండి! 2 అని వచ్చింది."

పీఠిక వ్రాసే పెద్దాయన మాత్రం వెంటనే ఒప్పుకొనలేదు. ఆయన సందేహం న్యాయమైనదే. "నిన్న యంత్రం 23 అన్నది. నేడు 2 అంటున్నది. మీరు శిష్యులు. ఏది నమ్మమంటారు?" అని అడిగించారు. కొత్త పటం పంపితే అది ఆ సందేహానికి సమాధానం కాదు. వ్రాతప్రతి నుండి ఐదు పద్యాల ఛాయాచిత్రాలు తీసి, ప్రక్కన టైపు పాఠం ఉంచి, సున్నలకు ఎర్ర సిరాతో చుట్టు గీసి పంపాము. గంటలోపల జవాబు వచ్చింది. ఆ వాక్యాన్ని తీసివేసి, ఆ స్థానంలో అరసున్నల వ్రాతలో కవి పాటించిన నియమం గురించి ఒక పేరా వ్రాసి ఇచ్చారు. సంచికకు ఆ పేరా అలంకారమైంది.

ఆ రాత్రి తర్కసంగ్రహం జ్ఞప్తికి వచ్చింది. తెలుగుసీమకు చెందిన అన్నంభట్టు ఆ చిన్న గ్రంథంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించాడు. కేవలం సంస్కారం వలన, అనగా మనసులో మిగిలిన ముద్ర వలన పుట్టేది స్మృతి. తక్కినది అనుభవం. ప్రమాణాల చర్చ అంతా యథార్థమైన అనుభవం గురించియే. స్మృతి అసత్యమని ఆయన అనలేదు. దాని బలం దానిది కాదు, ఒకప్పటి అనుభవానిది. మా పటం సంగతి సరిగా అదియే. అది అబద్ధపు పటం కాదు. ముందురోజు ఉదయం అది అక్షరాలా సత్యం. చిక్కు ఎక్కడంటే, అది స్మృతి అయ్యుండి ప్రత్యక్షం వేషంలో తెర మీద నిలిచినది. తాను ఎప్పటిదో దాని ముఖం మీద వ్రాసి లేదు. సంఖ్యను అనుమానించేవాడు కూడా బొమ్మను అనుమానించడు. కంటికి కనబడుతున్నది గదా అంటాడు.

నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసిన ఫిల్ కార్ల్‌టన్‌కు ఆపాదించబడే చమత్కారం ఒకటి ఆ రంగంలో ప్రసిద్ధమని మావాడు తరువాత చెప్పాడు. కంప్యూటర్ శాస్త్రంలో నిజంగా కఠినమైన పనులు రెండేనట. పాతరలోనిది ఎప్పుడు పనికిరాకుండా పోయిందో తెలుసుకోవడం ఒకటి, పేర్లు పెట్టడం రెండవది. నాకు మాత్రం ఈ రెండూ ఒకే పని అనిపించింది. పాతరకు వస్తువు తెలియదు, పేరే తెలుసు. లోపలి వస్తువు మారినా పేరు మారకపోతే దానికి మార్పు తెలిసే దారి ఏది? వస్తువు మారినప్పుడు పేరు కూడా మారిస్తే ఆ చిక్కే పుట్టదు. కొత్త పేరు పాతరలో ఉండదు గనుక కొత్తగా తెచ్చుకొనక తప్పదు. జాలపుటలను నిర్మించేవారు చేసే పని అదియేనట. బొమ్మ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి కూర్పు సంఖ్య తగిలిస్తారు. లేదా ఫైల్‌లోని విషయాన్ని బట్టి లెక్కగట్టిన అక్షరాల ముద్రను పేరులోనే చేరుస్తారు. విషయంలో ఒక్క చుక్క మారినా పేరు మారుతుంది.

గ్రంథపరిష్కర్తలకు ఇది కొత్త పాఠం కాదు. బ్రౌన్ దొర వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. మరిన్ని ప్రతులను పోల్చిన పిమ్మట 1839లో పెంచి మళ్ళీ వేయించాడు. కవి ఒకడే, దొర ఒకడే, లోపలి పద్యాల సంఖ్య వేరు. ఒక పద్యం ఏ కూర్పులోనిదో చెప్పకుండా వేమన అన్నాడని ఉదాహరించేవాడు, ముద్ర చూడకుండా నకలు వాడుకొనే బ్రౌజర్ వంటివాడే. ముఖపత్రం మీది సంవత్సరం అందుకోసమే ఉన్నది. పునర్ముద్రణలో సంవత్సరం వేయని ప్రచురణకర్తల పుస్తకాలతో కుస్తీ పట్టిన వారికి ఈ బాధ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇటువంటి పని పెట్టుకొనే నాతోటి వారికి ఉపయోగపడునని ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతిని చెబుతాను. పటం ఫైల్ పేరులో తేదీ, వేళ చేర్చే ఏర్పాటు చేసుకొన్నాను. పటం నెత్తిన కూడా అది గీసిన వేళ, లెక్కలోకి తీసుకొన్న పద్యాల సంఖ్య పడేటట్లు చేశాను. దానిని ఫొటో తీసి పంపినా, కాగితం మీద అచ్చు వేసినా, అది ఎప్పటిదో దానితోనే వెళుతుంది. వ్యాఖ్యానపు గదిలో పేరు చెప్పి చూపించడం మాని, ప్రోగ్రాము గదిలోనే ఫైల్‌ను చదివి బొమ్మను చూపుతున్నాను. అప్పుడు బ్రౌజర్ పాతరకు పని ఉండదు. ఎవరికైనా పంపేముందు కెర్నెల్‌ను ఆపి, మొదటి నుండి చివరి వరకు ఒకసారి నడుపుతాను.

మరి మూడు దాపులు ఉన్నవి. నోట్‌బుక్‌ను దాచినప్పుడు గదుల క్రింది ఫలితాలు కూడా ఆ ఫైల్‌లోనే దాగుతాయి. మర్నాడు తెరచినప్పుడు కనబడేవి నిన్నటి ఫలితాలు. ఇంకా ఏ గదీ నడవలేదు. వ్యాఖ్యానపు గదిలోకి బొమ్మను ఈడ్చి వదిలితే, దాని నకలు నోట్‌బుక్‌లో అతుక్కొంటుంది. అసలు ఫైల్ మారినా అది మారదు. పటాలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ తనకు తెలిసిన ఖతుల జాబితాను ఒక పాతరలో పెట్టుకొంటుంది. కొత్త తెలుగు ఖతిని చేర్చిన తరువాత కూడా అది కనబడలేదని మొరాయిస్తే, ఆ జాబితా ఫైల్‌ను తీసివేసి మళ్ళీ ప్రారంభించి చూడండి. ఖతి దొరికినా నేను వాడిన కూర్పులో ఒత్తులు విడిపోయి కనబడ్డాయి. అందుచేత దిమ్మెల క్రింద వృత్తాల పేర్లకు బదులు అంకెలు వేసి, పేర్లు వ్యాఖ్యానంలో ఇచ్చాను.

సంచిక వెలువడింది. పటం 212వ పుటలో ఉన్నది. నెత్తిన తేదీ, వేళ ఉన్నవి. చివరి దిమ్మె అసలు ఉన్నదా లేదా అన్నంత చిన్నది. దాని క్రింద, ఆ రెండు పద్యాలలో చెద తిన్న అక్షరాల స్థానాలను చుక్కలతో చూపాము. ఆ కావ్యానికి వేరొక నకలు ఎవరి ఇంటనైనా ఉంటే ఆ చుక్కలు పూరించవచ్చునన్న ఆశతో వెదకుతూనే ఉన్నాము.

కాష్‌కు పాతర కంటె చక్కని మాట చదువరులకు తోస్తే తెలియజేయగలరు. నాకు మాత్రం ఇదియే రుచించింది.

స్వస్తి.